తన పొగతో తానే ఊదుకునే బండి

పెద్ద కార్లలో టర్బో ఉన్నది మంచిదా, లేనిది మంచిదా అని ఇప్పటికీ కుర్ర డ్రైవర్లు నన్ను అడుగుతుంటారు. నేను రెండూ నడిపాను. ఒకే ఇంట్లో, ఒకే గేటులోంచి, ఒకే పెద్దావిడను వెనక కూర్చోబెట్టుకుని నడిపాను. అందుకని నా జవాబు కొంచెం పొడుగు. ఓపిక లేనివాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు.

మాదాపూర్ వైపు గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. నేను సికింద్రాబాద్‌లో, పద్మారావు నగర్‌లో ఒక ఇంటికి డ్రైవర్ని. మా సారు విజయనగరం వైపు మనిషి. ఉద్యోగానికని ఊరొచ్చి, చివరికి తనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు. ఆయన తల్లి ఆ ఇంట్లోనే ఉండేది. నేను ‘అమ్మా’ అనేవాణ్ణి. ఆమె పాడేది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం సైనిక్‌పురిలో, రిటైరైన ఒక మిలిటరీ ఆఫీసరు ఇంట్లో, ఆమె ఈడు ఆడవాళ్లు కొందరు కూడి పాడుకునేవారు. మిగతా రోజులన్నీ ఆమె అత్తగారు, నాయనమ్మ, బీపీ మాత్రలు మరిచిపోయే మనిషి. శుక్రవారం ఒక్కటే ఆమె పాటమనిషి. ఆ రోజు పొద్దున్నుంచే ఇంట్లో ఎవరి మాటా వినిపించుకునేది కాదు.

నా సంగతి కూడా చెప్పాలి. మా నాయనది కొలిమి. తిత్తి ఊదడానికి మనిషి కావాలని నన్ను బడికి పంపలేదు. ఆ తర్వాత లారీలు. అక్షరం ముక్క లేకుండానే దేశమంతా తిరిగాను. యాభై దగ్గర పడ్డాక ఈ అమ్మే, సైనిక్‌పురి నుంచి వచ్చే దారిలో దుకాణాల బోర్డులు చూపించి చూపించి నాకు చదవడం పట్టించింది. తప్పు చదివితే వెనక సీట్లోంచి భుజం మీద పొడిచేది. ఈ రాస్తున్నదంతా ఆ పొడుపుల ఫలం.

పాత కారు జర్మనీది. ఆరు సిలిండర్లు. టర్బో లేదు. అంటే తనకు కావలసిన గాలిని తన రొమ్ముతో తానే పీల్చుకునే ఇంజన్. కాలు ఎంత ఆనిస్తే అంత కదిలేది. వేలెడు నొక్కితే వేలెడు బలం, జానెడు నొక్కితే జానెడు. మధ్యలో ఎగవేత లేదు, బాకీ లేదు. మెట్టుగూడ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు దాని గొంతు కింది నుంచి పైకి మెట్టు మెట్టుగా లేచేది. అమ్మ కళ్లు మూసుకుని, “అదిగో, ఎత్తుకుంది” అనేది. నేరేడ్‌మెట్ రోడ్డు మీద బండి నిలకడగా పోతుంటే, ఆ గుయ్‌మనే మోతనే శ్రుతిగా పట్టుకుని గొంతు సవరించుకునేది. ఒళ్లో శ్రుతిపెట్టె ఉన్నా తెరిచేది కాదు. సైనిక్‌పురి చేరేసరికి ఆమె గొంతు తయారు. కారు కూడా ఆ పాటల గుంపులో మనిషే అనిపించేది నాకు.

అలాంటి బండి ఉండగా సారు కొత్తది తెచ్చాడు. అదీ జర్మనీదే. నాలుగే సిలిండర్లు, పైన టర్బో. గేటు లోపల రెండు కార్లకు చోటు లేదు. పాతదాన్ని బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల వ్యాపారం చేసే ఒక షావుకారు తీసుకుంటానన్నాడు. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం వస్తానని చెప్పి వెళ్లాడు. అందాకా రెండూ గేటు లోపల ఇరుక్కుని ఉన్నాయి, ఒకటి తీయాలంటే రెండోదాన్ని వీధిలోకి తేవాలి.

టర్బో అంటే నాకు లారీయే. ఆ ఈల చెవుల్లో పెట్టుకుని ఏళ్ల తరబడి నడిపినవాణ్ణి. అందుకే ఉన్నమాట అనేశాను.

“గింత పెద్ద కంపెనీ పెట్టి, లారీ ఇంజన్ తెచ్చుకున్నరా సార్?”

“ఒకసారి తొక్కి చూడన్నా. తర్వాత తిట్టు” అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే శామీర్‌పేట రోడ్డు మీదికి పోయాం. రోడ్డు ఖాళీగా ఉన్న చోట, “ఇప్పుడు తొక్కు” అన్నాడు. తొక్కాను. ఒక రెప్పపాటు ఏమీ జరగలేదు. చెప్పిన మాట విననట్టు ఊరుకుంది. నేను సారు వైపు తిరిగి నవ్వబోయాను. ఆ నవ్వు పూర్తి కాలేదు. వీపు సీటుకు అతుక్కుపోయింది. పక్కనున్న చెట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వెనక్కి పరుగెత్తాయి. పాత కారయితే ఆ వేగానికి గొంతెత్తి లోకానికి చెప్పుకునేది. ఇది గుసగుసగానే ఆ పని చేసేసింది. నా నోట్లోంచి ఏం మాట వచ్చిందో ఇక్కడ రాయను.

పక్కకు ఆపించి సారు బానెట్ ఎత్తాడు. ఒక మూల, నత్తగుల్లలా చుట్టుకున్న ఇనుప ముక్క ఒకటి చూపించాడు. కొబ్బరికాయంత ఉంది.

“ఇంజన్లోంచి బయటికి పోయే పొగ ఉంది కదా, వేస్టుగా పోతుంది. దాన్ని ఈ గుల్లలో చిన్న ఫ్యాన్ మీదికి వదులుతారు. ఆ వేగానికి ఫ్యాన్ తిరుగుతుంది. అదే ఇరుసుకి ఇటుపక్క ఇంకో ఫ్యాన్. అది బయటి గాలిని కుక్కి ఇంజన్లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ. అందుకే చిన్న ఇంజనే పెద్ద పని చేస్తుంది.”

“ఎంత తిరుగుతది సార్ ఆ ఫ్యాన్?”

“నిమిషానికి లక్ష సార్లకి పైనే.”

నేను నవ్వాను. సారు నవ్వలేదు. అప్పుడు మళ్లీ వంగి ఆ గుల్లను చూశాను.

అన్నేళ్లు టర్బో లారీ నడిపాను కదా, ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. మేస్త్రీ “అది టర్బో, దాని జోలికి పోకు” అన్నాడు, పోలేదు, అంతే. ఇప్పుడు ఆ గుల్ల ముందు నిలబడితే నాకు మా కొలిమి కనబడింది. బొగ్గు పొగ పైకప్పు సందుల్లోంచి ఊరికే పోయేది. కింద నేను చెమటలు కారుతూ తిత్తి ఊదేవాణ్ణి. ఆ పోయే పొగే వెనక్కి తిరిగి తిత్తి ఊదుతుందని ఎవడికి తడుతుంది? ఎవడికో తట్టింది. ఆ మహానుభావుడు మా ఊళ్లో పుట్టి ఉంటే నేను బడికి పోయేవాణ్ణి. దారి పొడుగునా అదే ఆలోచన. సారు ఏదో మాట్లాడుతున్నాడు, నాకు వినబడలేదు.

శుక్రవారం వచ్చింది. అమ్మ శ్రుతిపెట్టె ఒళ్లో పెట్టుకుని కొత్త కారు వెనక సీట్లో కూర్చుంది. నేను నడిపింది కారునే కానీ, చేతులూ కాళ్లూ లారీవి. లారీలో టర్బోను చల్లారనిస్తే మళ్లీ లేవదని గట్టిగా తొక్కుతూ పోతాం. వెనక సిమెంటు బస్తాలుంటాయి, వాటికి కడుపు ఉండదు. మల్కాజ్‌గిరి సందుల్లో స్పీడ్ బ్రేకరు దాటగానే తొక్కేవాణ్ణి. బండి ఒక్క క్షణం మొద్దులా ఉండేది, తర్వాత ఎగిరి దూకేది. వెంటనే ఎదురుగా ఆటో. బ్రేకు. మళ్లీ మొద్దు, మళ్లీ దూకుడు.

“ఏటి నాయనా ఇది, తోసేస్తోంది, ఆపేస్తోంది?”

“కొత్త బండి గదమ్మా, జెర ఓపిక పట్టండి.”

“ఓపిక నాకుంది. నా కడుపుకి లేదు.”

నేరేడ్‌మెట్ చౌరస్తా దగ్గర “ఆపు” అంది. దిగి, రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. నేను నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాను. పట్టుచీర అంచు తడిసింది. ఆమె నా వైపు చూడలేదు. “ఇంటికి తిప్పు” అంది. ఆ శుక్రవారం పాట లేదు.

సాయంత్రం తల్లీ కొడుకులు వరండాలో మాట్లాడుకుంటుంటే నేను తాళాలు ఇవ్వడానికి వెళ్లి మెట్ల దగ్గరే ఆగిపోయాను.

“అలవాటైపోతుందమ్మా.”

“అలవాటు చేసుకోడానికి నాకు పదహారేళ్లేటి?”

“పోనీ పాతది కూడా ఉంచేద్దాం. వీధిలో పెడదాం.”

“ఈ సందులో పెడితే నీళ్ల ట్యాంకరు ఎలా తిరుగుతుంది? పక్కవాళ్లు మన పేరు చెప్పి శాపనార్థాలు పెడతారు. ఆటో ఎక్కుదామంటే ఈ మోకాళ్లు ఒప్పుకోవు. నా ఒక్కదాని కోసం అంత యాగీ వద్దు. పాట మానేస్తాను. ఏం, కొంప మునిగిపోదు.”

కొంప మునిగిపోతుందని మా ముగ్గురికీ తెలుసు. పాత బండి పోవడానికి మధ్యలో ఒకే ఒక్క శుక్రవారం మిగిలి ఉంది.

మర్నాడు నేను కారు కడుగుతుంటే ఆమె వచ్చి దూరంగా నిలబడింది. “దానికేటి రోగం?” అని అడిగింది.

“రోగం లేదమ్మా. తిత్తి ఉంది.” సారు చెప్పినదంతా నాకు వచ్చిన మాటల్లో చెప్పాను. పొగ, ఫ్యాను, ఇరుసు, గాలి. ఆమె మధ్యలో ఆపలేదు. చివరికి లోపలికి వెళ్లి శ్రుతిపెట్టె తెచ్చి అరుగు మీద పెట్టింది.

“అయితే ఇటు చూడు. ఇదీ తిత్తే. నొక్కగానే పలకదు. లోపల గాలి నిండాలి. నిండేక నేనేటి చేస్తానో చూడు. ఖాళీ అవనివ్వను. అలాగని గుద్దను. ఇలా, ఇలా, చిన్నగా కదుపుతుంటాను. వినేవాళ్లకి నా చెయ్యి కదులుతున్నట్టే తెలియకూడదు. నువ్వు నిన్న దాన్ని గుద్దేవు నాయనా.”

చెయ్యి మెల్లగా ఆడుతోంది, మోత ఒక్క తీరుగా సాగుతోంది. మా నాయనా ఇదే చెప్పేవాడు, కాకపోతే పటకారు చూపించి చెప్పేవాడు. “మంటను ఎగేయకురా. ఎగేస్తే నిప్పులు లేస్తయి, ఇనుము కాలది. సన్నగ ఊదు” అని. తిత్తి దగ్గర పెరిగినవాణ్ణి, టర్బో అంటే తిత్తి అని నా నోటితో నేనే చెప్పినవాణ్ణి. కాలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లారీయే గుర్తుకొచ్చింది.

ఆ వారమంతా సారును ఆఫీసులో దింపి ఖాళీగా వచ్చేటప్పుడు సాధన చేశాను. ముందు సీటు మీద స్టీలు పళ్లెం పెట్టి అందులో నిమ్మకాయలు వేశాను. బండి దూకితే అవి దొర్లి పళ్లెం అంచుకు కొట్టుకునేవి. టక్. మొదట్లో టకటకలే. కాలిని పెడల్ మీద ఆనించి, బండి అడగకముందే కొంచెం గాలి తినిపించి, అది లేస్తోందని తెలియగానే నేను తగ్గాలి. అది లేచేది, నేను తగ్గేవాణ్ణి, రెండూ మధ్యలో ఎక్కడో కలిసేవి. కలిసినప్పుడు నిమ్మకాయలు కదిలేవి కావు. ఆ కలిసే చోటు కంటికి కనబడదు, చెవికి వినబడదు. అరికాలికి మాత్రం తెలుస్తుంది. ఇంత పెద్ద యంత్రం, లక్ష తిరుగుళ్ల ఫ్యాను, నా అరికాలి కింద పిల్లిలా వచ్చి కూర్చున్నట్టు ఉండేది.

ఒకరోజు సారు ఆఫీసు ముందు ఆ పళ్లెం చూశాడు.

“ఏంటన్నా, కారుకి దిష్టి తీస్తున్నావా?”

“నా కాలుకు తీస్తున్న సార్.”

శుక్రవారం మధ్యాహ్నం నేనే లోపలికి వెళ్లి అడిగాను. ఆమె మామూలు నేత చీరలో ఉంది. అంటే వెళ్లే ఉద్దేశం లేదన్నమాట.

“ఒక్కసారి ఎక్కండమ్మా. కడుపుల తిప్పితే ఆడనే ఆపుత. మళ్ల అడగ.”

“నా కోసమా, నీ కోసమా?”

“బండి కోసం. పాపం, దాని తప్పేం లేదు.”

నవ్వింది. చీర మార్చుకోకుండానే వచ్చింది. ఆ చీరతోనే వెళితే, మధ్యలో వెనక్కి వచ్చినా పరువు పోదని కాబోలు. ఈసారి ముందు సీట్లో, నా పక్కన కూర్చుంది. ఒక చేతిలో, కడుపులో తిప్పితే గోటితో గీరి వాసన చూడ్డానికి నిమ్మకాయ, ఒళ్లో శ్రుతిపెట్టె. చిలకలగూడ దాటాం. మెట్టుగూడ ఎత్తు వచ్చింది. పాత బండి ఆరు గొంతులతో ఎక్కే ఎత్తు. ఇది ఎక్కిందో లేదో కూడా తెలియకుండా ఎక్కేసింది.

“దీనికి శ్రుతి లేదు నాయనా” అంది. “మూగది.”

“మూగది గాదమ్మా. మీకోసమే ఊకున్నది.”

ఆమె నిమ్మకాయ పక్కన పెట్టి పెట్టె తెరిచింది. మోత మొదలైంది. ఆమె చెయ్యి తిత్తి మీద ఆడుతోంది. నేను రోడ్డు చూస్తూనే ఆ చేతి ఊపు చెవితో పట్టుకున్నాను. ఆమె నింపినప్పుడు నేను కొంచెం ఆనించాను. ఆమె నిలిపినప్పుడు నేను నిలిపాను. మల్కాజ్‌గిరి స్పీడ్ బ్రేకర్లు ఒకటొకటే వచ్చి వెళ్లిపోయాయి. ఎదురుగా ఆటో వచ్చింది, వెళ్లిపోయింది. ఆమె గొంతు విప్పింది.

నేరేడ్‌మెట్ చౌరస్తా దగ్గర పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. సరిగ్గా పోయిన వారం ఆగిన చోటు. ఆమె పాట ఆపలేదు. ఒకే స్వరం మీద సాగదీస్తూ ఉంది. పోలీసు చెయ్యి తీశాడు. వెనక బస్సువాడు హారన్ మొదలెట్టాడు. నేను ఊదాను. ఆ నత్తగుల్లలో ఫ్యాను లేవడం నాకు అరికాల్లో తెలిసింది. లేచి, వచ్చి, బండి కిందికి చేరి, మమ్మల్ని ఎత్తుకుని పోయింది. ఆ స్వరం వణకలేదు. వెంట్రుకవాసి కూడా వణకలేదు. పోలీసు, బస్సు, చౌరస్తా వెనక్కి పోయాయి. ఆమె అదే స్వరం మీద ఉంది. పొగ తిత్తి ఊదుతోంది, ఆమె చెయ్యి తిత్తి ఊదుతోంది, నా కాలు మధ్యలో ఉంది. నా జన్మలో అంత పెద్ద పని నేను ఇంకెప్పుడూ చేయలేదు.

సైనిక్‌పురిలో దిగి నిమ్మకాయ నా చేతిలో పెట్టింది. గోటి గీత కూడా లేదు దాని మీద.

“వచ్చే వారం నేను వెనకే కూర్చుంటాను” అంది. “ఇక్కడ కూర్చుంటే నీ కాలే చూస్తున్నాను. చరణం మరిచిపోయేను.”

ఆదివారం బోయిన్‌పల్లి షావుకారు వచ్చాడు. పాత బండి తాళం తిప్పి, కాసేపు విని, నన్ను పిలిచాడు.

“ఏందన్నా, షురూ అయిందా, కాలేదా? సప్పుడే లేదు.”

“అయింది సేట్. ఆగినప్పుడు గంతే ఉంటది. పోనియ్యండి, అప్పుడు వినండి.”

గేటు దాటించాడు. మేం గేటు దగ్గరికి వచ్చాం, అమ్మ, సారు, నేను. బండి సందు చివర తిరిగి పెద్ద రోడ్డెక్కింది. అక్కడ అతను కాలు ఆనించినట్టున్నాడు. ఇళ్ల వెనక నుంచి దాని గొంతు లేచింది. కింది నుంచి పైకి, మెట్టు మెట్టుగా, ఎక్కడా తెగకుండా.

“అదిగో, ఎత్తుకుంది” అంది అమ్మ.

వినబడినంతసేపు ముగ్గురం కదల్లేదు. తర్వాత ఆమె లోపలికి పోతూ మెట్ల మీద ఆగి, “శుక్రవారం రెండింటికే బయల్దేరాలి. ఆలస్యం చెయ్యకు” అంది. నేను వెళ్లి కొత్త బండి అద్దాలు తుడవడం మొదలుపెట్టాను.