నా రోగం నా నోటితో చెప్పిన రోజు

చెరకు గానుగ ఆడే రోజులు. బోధన్ దగ్గర మా పొలంలో గడల ఆకు దూస్తూ విరేచనాలై ఒక్క పూటలో ఆరుసార్లు గట్టు దాటి పోయాను. ఆరోసారి నెత్తురు పడింది. బెల్లం పొయ్యి దగ్గర కూర్చుని వేడి చేసిందనుకున్నాను. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

నెల తిరిగేసరికి మంచం పట్టాను. మా అత్త బండి కట్టించి బోధన్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మా ఇళ్ళలో కోడలు పరాయి మగవాడి ముందు నోరు విప్పదు, అత్తే చెప్పాలి. నేను కొంగు కప్పుకొని కూర్చున్నాను.

"కడుపు నడుస్తున్నది డాక్టర్ సాబ్," అంది అత్త. నెత్తురు సంగతి ఆమెకు తెలియదు. ఆయన నన్ను అడగనూ లేదు. డీసెంట్రీ, జిగట విరేచనాలని అత్తను పక్కకు పిలిచి చెప్పి, ఎమెటిన్ సూదులు రాశాడు.

బయటికొచ్చాక ఏమన్నాడని అడిగితే, "నీకెందుకే గవన్ని? సూది ఏపిచ్చుకొని పండు," అంది.

ఒక్క ముక్క మాత్రం ఇంటిల్లిపాదికీ చెప్పింది, అంటురోగమని. నా కంచం, చెంబు వేరు చేశారు. ఏడాది నిండని నా బిడ్డను ఆడబిడ్డ తన ఇంటికి ఎత్తుకుపోయింది. రొమ్ములు సలుపుతుంటే పాలు పిండి పారబోశాను. రోగం కన్నా అదే నన్ను తినేసింది.

సూదులకు తగ్గింది, మళ్ళీ వచ్చింది. మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది. కారం మానమన్నారు, పప్పు మానమన్నారు. విసుగొచ్చి అన్నమే మానేశాను. ఎముకలు తేలాయి.

రెండేళ్ళకు నిజామాబాద్‌లో మిషను దవాఖానకు పోయాం. అక్కడ లేడీ డాక్టరమ్మ ఉంది. అత్త అలవాటుగా మొదలుపెట్టింది.

"రోగం మీకా, ఆమెకా? జర బయట కూసోండి అవ్వా," అంది డాక్టరమ్మ.

అప్పుడు చెప్పాను. నెత్తురు, జిగట, కీళ్ళ నొప్పులు, అన్నీ ఏడుస్తూనే చెప్పాను. ఆమె గొట్టం పెట్టి లోపల చూసింది.

"ఇది కొలైటిస్. పేగుల పుండ్లున్నయ్. మందుకు అణుగుతది, మళ్ల లేస్తది. పూర్తిగ పోతదని నేను చెప్పలేను."

"అంటుతదా అమ్మా?"

"అంటదు. ఎవలన్నరు?"

ఎవరి పేరు చెప్పను? "మరి నా బిడ్డను ఎత్తుకోవచ్చునా?" అన్నాను. "ఇయ్యాల్నే ఎత్తుకో," అంది ఆమె.

తిరిగొస్తూ ఆడబిడ్డ ఇంటికి పోయి చేతులు చాచాను. నా బిడ్డ ఆడబిడ్డ కొంగు పట్టుకొని, "అమ్మా, గామె ఎవలే?" అంది.

ఇప్పుడు నాలుగు నెలలు బాగుంటే ఒక నెల మంచం. మెత్తటి అన్నం, మజ్జిగ, పేగులకు బిస్మత్ పొడి మందు, ఇంతే బతుకు. తెచ్చుకున్న బిడ్డ నా పక్కలో పడుకుంటుంది, నిద్రలో మాత్రం మేనత్తనే పిలుస్తుంది. అడగంది అమ్మైనా పెట్టదంటారు. డాక్టరు దగ్గర మీ రోగం మీరే చెప్పండి, అంటుతుందా అని మీ నోటితోనే అడగండి. నేను రెండేళ్ళు ఆలస్యంగా అడిగాను.