క్రియ లేనిదే ఉప్పు లేదు

పొట్నూరు నారాయణమూర్తి గారు క్రియాపదం లేనిదే ఉప్పు పాకెట్టు కూడా ఇవ్వరు. చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో ఉన్న ఆయన కిరాణా కొట్టుకి కొత్తగా వచ్చినవాళ్లకి ఈ సంగతి తెలీదు. తెలిసేసరికి వెనక పదిమంది నిలబడి ఉంటారు. రేషన్ కార్డులో ఆయన నారాయణమూర్తే గాని ఊళ్లో అందరికీ క్రియామూర్తి. ఆ పేరు ఆయనకి ఎంత అలవాటైపోయిందంటే, ఎవరైనా "నారాయణమూర్తి గారూ" అని పిలిస్తే ఆయన కూడా వెనక్కి తిరిగి ఎవరా అని చూస్తారు.

ఆ ఇంటి కోడలు హైమకి ఈ జబ్బు పెళ్లిచూపుల్లోనే తెలిసి ఉండాల్సింది. ఆ రోజు విజయనగరంలో వాళ్లింట్లో మధ్యవర్తి గొంతు సవరించుకుని, "అమ్మాయి బీకాం" అన్నాడు.

"బీకాం?" అన్నారు నారాయణమూర్తి గారు. "బీకాం ఏటి సేసింది? కొనిందా? అమ్మిందా? ఉప్మాలో ఏసుకుని తినేసిందా?"

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తల వంచుకుని కూర్చున్న హైమ నవ్వు ఆపుకోలేక, "చదివానండి" అంది.

ఆయన తొడ చరిచారు. "ఇంతమంది పెద్దోళ్లం ఉన్నాం. క్రియ ఎవురిచ్చినారు? పిల్ల ఇచ్చింది! తాంబూలాలు తెండి!" అప్పటికి పెళ్లికొడుకు ప్రదీప్ చేతిలో జంతిక ఇంకా సగమే అయింది.

పెళ్లయిన నెలకి హైమ కొట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. మొదటి రోజు పొద్దున్నే బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ నడిపే జగ్గమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అరకేజీ మినప్పప్పు!"

"అరకేజీ మినప్పప్పు..." అన్నారు మావగారు నింపాదిగా. "ఏటయిపోనాది దానికి?"

"ఏటవుతాది బాబూ!"

"అదే అడగతన్నాను. పుచ్చిపోనాదా? రైలెక్కి బరంపురం ఎల్లిపోనాదా?"

"ఇయ్యి బాబూ, ఇయ్యి! అక్కడ నా పెనం మాడిపోతన్నాది!"

"సూశావా, ఎంత సక్కటి క్రియలో! ఒకటి అడిగితే రెండిచ్చినావు. ఇప్పుడు మొదట్నుంచీ సెప్పు."

జగ్గమ్మ పళ్లు కొరుక్కుంటూ, "నాకు అరకేజీ మినప్పప్పు ఇయ్యి" అంది. ఆమె చెబుతున్నంతసేపూ ఆయన కళ్లు సగం మూసుకుని విన్నారు. చివర 'ఇయ్యి' పడగానే మొహం వెలిగిపోయింది. ఆ సంతోషంలో కాటా మీద గుప్పెడు పప్పు ఎక్కువే పడింది. తిట్టుకుంటూ అయినా జనం ఆ కొట్టుకే రావడానికి ఆ గుప్పెడు కూడా ఒక కారణం.

కొట్టు గుమ్మానికి ఒక రేకు బోర్డు వేలాడుతూ ఉండేది. 'క్రియతో సహా అడగవలెను. ఒకరి క్రియ ఇంకొకరు అందించరాదు. అందించినవారు వరస చివరికి పోవలెను.' ఈ రెండోదే ఘోరం. ఒకసారి రైల్వేలో పనిచేసి రిటైరైన నరసింగరావు గారు, ముందున్న ముసలావిడ తడుముకుంటుంటే తట్టుకోలేక "కావాలి అనవే తల్లీ" అన్నారు. అంతే, మావగారు వేలితో బోర్డు చూపించారు. పెన్షనుకి టైమైపోతోందని ఎంత మొత్తుకున్నా ఆయన పన్నెండో మనిషి అయ్యారు.

అలా ఆ కొట్లో అందరూ నెమ్మదే. పక్క పల్లె నుంచి సైకిలు మీద వచ్చే చినబాబు అనే నలభయ్యేళ్ల రైతు మరీ నెమ్మది. పప్పో బార్లీయో అడగడానికి ఒక్కోసారి అయిదు నిమిషాలు పట్టేది. అయితే జగ్గమ్మకే మూడు నిమిషాలు పట్టే చోట, హైమ అతన్ని వేరుగా గమనించనేలేదు.

మావగారికి ఈ పిచ్చి కుర్రతనంలో రైళ్లలో అంటుకుంది. సరుకు కోసం బరంపురం, ఖరగ్‌పూర్ తిరిగేవారు. పక్కన కూర్చున్నవాడు ఏ భాషవాడైతే ఆ భాష క్రియలన్నీ దులిపించుకుని గాని దిగనిచ్చేవారు కాదు. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు అవన్నీ కోడలి మీద ప్రయోగించేవారు.

"అమ్మా హైమా, ఎల్లననే మాట ఉన్నాది కదా. ఇంగ్లీషోడు 'విల్ నాట్ గో' అని 'నాట్' ని మధ్యలో ఇరికిస్తాడు. హిందీవోడు 'నహీ జావూంగా' అని ముందే కొట్టిపడేస్తాడు. ఒరియావోడేమో 'జిబి నాహి' అంటాడు. ఎల్తానని మొత్తం సెప్పేసి, మనం సంచీ సర్దుకున్నాక అప్పుడు కాదంటాడు! మరి మనమో? 'ఎల్లను'! కాదనడం క్రియ పొట్టలోనే దాచేసినాం. విడిగా ముక్కే లేదు! ఒంటి మీద ఎంట్రుకలు నిలబడతన్నాయి కదూ?"

నిలబడలేదు గాని, హైమకి వినడానికి సరదాగానే ఉండేది.

"ఇంగ్లీషులో డూ అని ఒకడున్నాడమ్మా. డూ యూ వాంట్ షుగర్. పనంతా వాంట్ సేస్తాడు. డూ ఏమో ఊరికే ముందుకొచ్చి నిలబడతాడు."

గల్లాపెట్టె దగ్గర ప్రదీప్ తలెత్తాడు. "నన్నెందుకు సూస్తన్నారు నాన్నా?"

ఒక రోజు నరసింగరావు గారు పాత కక్ష తీర్చుకున్నారు. "క్రియ లేనిదే మాట లేదంటావు కదా మూర్తీ. 'ఈయన మా బావ.' ఏదీ క్రియ? సూపించు!"

మావగారు ఆ మూడు ముక్కలూ వేళ్ల మీద లెక్కపెట్టారు. నిజమే, లేదు. ఇంగ్లీషువాడు ఆ చోట ఈజ్ పెట్టుకుని బతికిపోయాడు. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముట్టలేదు. అత్తగారు ధనలక్ష్మి గారు, "ఒక్క క్రియ పోతే పోనాది, లేచి తినండి" అని బతిమాలినా వినలేదు. సాయంత్రం ఉన్నట్టుండి చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీద పరుగు! నరసింగరావు గారి వాకిట్లో నిలబడి ఒకటే కేక.

"ఉన్నాది! దాక్కుని ఉన్నాది! 'ఈయన మా బావ కాడు' అని సూడు, బయటకొచ్చేస్తాది! ఉన్నంతసేపూ కనబడదు బావా, కాదన్నప్పుడే కనబడతాది!"

"కనబడితే కనబడింది గాని, లోపలికొచ్చి కాఫీ తాగు" అన్నారు నరసింగరావు గారు. ఆ రాత్రి మావగారు రెండు పూటల అన్నం కలిపి తిన్నారు.

ఇదంతా బాగానే ఉంది గాని, ఆ ఏడాది రోడ్డుకి అవతల ఇంకో కిరాణా కొట్టు వెలిసింది. అక్కడ నోరు తెరిచేలోపు సరుకు చేతిలో పెడుతున్నారు. బస్సు అందుకోవాల్సినవాళ్లు అటు మళ్లడం మొదలుపెట్టారు. హైమ ధైర్యం చేసి అడిగేసింది.

"మావయ్యగారూ, ఆ బోర్డు తీసేద్దామండీ. జనం విసుక్కుంటున్నారు."

ఆయన చాలాసేపు బోర్డు వంక చూశారు. "కట్టి పదేళ్లయింది. ఆగడం జనానికి అలవాటై ఉంటాదిలే" అని తనలో తను అనుకున్నారు. తర్వాత కోడలి వైపు తిరిగారు. "సరేనమ్మా. నాకు కంటి ఆపరేషను కదా. అమ్మాయి సింధూరి ఇంట్లో పదిహేను రోజులుంటాను. అన్నాళ్లూ నీ పద్ధతి. ఎవురికీ ఇబ్బంది లేదంటే నేనే వచ్చి బోర్డు అటకెక్కించేస్తాను. ఒక్కరు ఇబ్బంది పడినా మళ్లీ కట్టాల."

ఆయన విజయనగరంలో కూతురు సింధూరి ఇంటికి బస్సెక్కారో లేదో, హైమ బోర్డు విప్పి బస్తాల వెనక పెట్టేసింది. కొట్టు ఒక్కసారిగా ఊపిరి పోసుకుంది. "కందిపప్పు కేజీ!" "ఇదిగో!" "చింతపండు పావు!" "ఇదిగో!" సగం మాట వినగానే మిగతా సగం హైమే అనేసేది. లేకపోతే వరసలో వెనకున్నవాళ్లు అందించేవారు. మూడు నిమిషాల జగ్గమ్మ పది సెకన్లలో వెళ్లిపోతోంది. హైమకి ఉత్సాహం ఆగడం లేదు. ఈ పదిహేను రోజులూ ఇలాగే గడిస్తే బోర్డు అటకెక్కినట్టే.

ఒక్కటే చిక్కు. రోజూ సాయంత్రం మావగారి ఫోను.

"హలో మావయ్యగారూ."

"హలో ఏటి? హలో సెప్తన్నావా, అడగతన్నావా?"

"చెప్తున్నానండి."

"అదీ! ఈ రోజు ఏటేటి క్రియలొచ్చినాయి?"

క్రియలు ఎక్కడివి? హైమ కళ్లు మూసుకుని వంటింట్లోంచి ఏరుకొచ్చేది. "నూరారు, చెరిగారు, పొంగించారు..." అవతల ఆయన లొట్టలు వేస్తూ వినేవారు. చివర మాత్రం ఒకటే ప్రశ్న.

"చినబాబు వచ్చినాడా?"

"వచ్చారండి."

"ఏటి కొన్నాడు?"

"ఉప్పు పాకెట్టు."

మూడు రోజుల తర్వాత చినబాబు మళ్లీ వచ్చినప్పుడూ అదే జవాబు. ఉప్పు. ఇంకో మూడు రోజులకి మళ్లీ ఉప్పు. పదో రోజున నాలుగోసారి ఉప్పు అనగానే ఫోను ఠక్కున ఆగిపోయింది. చార్జింగు అయిపోయి ఉంటుందనుకుంది హైమ.

మర్నాడు పొద్దున్నే చినబాబు భార్య కూర్మమ్మ కొంగు బిగించి వచ్చింది.

"అమ్మాయ్! మా ఆయన్ని ఏటి సేసినారు మీరు?"

"మేమేం చేశామమ్మా?"

"బార్లీకి పంపితే ఉప్పు తెచ్చినాడు. బెల్లానికి పంపితే ఉప్పు. పిల్లకి జొరం, సగ్గుబియ్యం తెమ్మంటే ఉప్పు! నిన్న సబ్బుకి పంపినాను. ఉప్పెట్టి తోముకోమంటావా?"

"ఆయనే ఉప్పు వైపు వేలు చూపించారమ్మా. వరసలో అందరూ తలా ఒక మాటా అందిస్తుంటే..." హైమకి నాలుగు రోజులూ కళ్ల ముందుకొచ్చాయి. చినబాబు 'నా... నా...' అని మొదలుపెట్టడం, తను 'నూనా? నువ్వులా?' అనడం, వెనకెవరో నవ్వడం, అతను ఎదురుగా దొంతరగా ఉన్న ఉప్పు పాకెట్ల మీద గబుక్కున వేలు పెట్టి, చేతికిచ్చింది పుచ్చుకుని వెళ్లిపోవడం. హైమకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఏలు సూపించినాడా?" కూర్మమ్మ గొంతు తగ్గింది. "నోటితో అడగలేదా? ఆడికి మాట తడబడతాదమ్మా, సిన్నప్పట్నుంచీ. బయట ఎక్కడా నోరిప్పడు. ఈ కొట్టొక్కటే... పదేళ్ల కిందట ఇక్కడే ఎవురో ఆడి మాట అందుకుని ఎక్కిరించినారు. సరుకు వొగ్గేసి వొచ్చేసినాడు. మర్నాడే మీ మావగారు మా పొలం గట్టు మీదకొచ్చినారు. 'ఒరే చినబాబూ, నా కొట్లో ఎవుడికీ క్రియ సెప్పడం రాట్లేదు, నువ్వొచ్చి సెప్పు, ఎంతసేపైనా వింటాను' అన్నారు. ఆ యేళే ఈ బోర్డు కట్టినారు."

ఇంతలో కొట్టు ముందు ఆటో ఆగింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చేతిలో చుక్కల మందు సంచీతో నారాయణమూర్తి గారు దిగారు. వెనకే సింధూరి, "ఇంకా నాలుగు రోజులు ఎండలోకి రాకూడదని డాక్టరు చెప్పాడు, వినడే!" అని మొత్తుకుంటోంది.

హైమ ఎదురెళ్లింది. "బోర్డు చినబాబు గారి కోసమేనా మావయ్యగారూ? నాకొక్క మాట చెప్పకూడదా?"

"చినబాబు గారి కోసం!" అని నల్ల అద్దాల్లోంచి ఆయన గద్దించారు. "ఏటి చినబాబు గారి కోసం? క్రియ ఏదమ్మా?"

"కట్టారా?" అంది హైమ. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

"తెలుగులో క్రియ సివర్న ఉంటాదమ్మా. అది వచ్చేదాకా ఆగాల. అంతే. ఇంకేటీ లేదు." ఆయన కండువా సర్దుకుంటూ లోపలికి వెళ్లిపోయారు.

అత్తగారు హైమ చెవిలో, "క్రియల పిచ్చి మాత్రం నిజమేనే. నా పెళ్లినాటి నుంచీ ఉన్నాది" అన్నారు.

హైమ స్టూలెక్కి బోర్డు తనే కట్టింది. పురికొసతో మూడు ముళ్లు వేసి, ఇంకొకటి ఎక్కువే వేసింది. కూర్మమ్మకి సబ్బూ సగ్గుబియ్యమూ ఇచ్చి, "మీ ఆయన్ని రేపు పంపండమ్మా" అంది.

మర్నాడు చినబాబు వచ్చాడు. అతని వెనక వరసలో పదిమంది. గుమ్మం మీద బోర్డు చూశాడు, బస్తా మీద నల్ల కళ్లద్దాల మనిషిని చూశాడు. జగ్గమ్మ ముందుంది. ఆమె పెనం అక్కడ మాడుతున్నా సరే, "నాకు... అరకేజీ... మినప్పప్పు... మంచిది సూసి... ఇయ్యి" అని పదం పదం సాగదీసి మరీ చెప్పి, కళ్లతో నవ్వుకుంటూ తప్పుకుంది.

చినబాబు ముందుకొచ్చి ఊపిరి పీల్చుకున్నాడు. "నా... నాలుగు..." ఆగాడు. ఎవరూ కదల్లేదు. నరసింగరావు గారు అలవాటు చొప్పున నోరు తెరవబోయి, తన అరచేత్తో తనే మూసుకున్నారు. "నాలుగు ఉ... ఉ... ఉప్పు పాకెట్లూ... ఎ... ఎనక్కి..." హైమ గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. "ఎనక్కి తీ... తీ... తీసేసుకోండి!"

"తీసేసుకోండి!" నారాయణమూర్తి గారు బస్తా మీంచి చిన్నపిల్లాడిలా ఎగిరారు. "తీయడం ఒకటి, వేయడం ఒకటి, కొనడం ఒకటి! ఒక్క మాటలో మూడు క్రియలు కట్టేసినాడు! సూశారా, ఆగితే ఏటొచ్చినాదో!"

కొట్టంతా నవ్వింది. చినబాబూ నవ్వాడు. సంచీలోంచి పాకెట్లు తీసి వరసగా పెట్టాడు. హైమ ఆ సంబరంలో ఒళ్లు మరిచి, "అయితే ఇప్పుడు బార్లీ?" అంది.

"బార్లీ?" అన్నారు మావగారు, కోడలి వైపు తిరిగి. "బార్లీ ఏటమ్మా? పాడిందా? ఆడిందా? క్రియ ఏది?"

హైమ తడబడింది. ఎంత వెతికినా ఆ క్షణాన ఒక్క క్రియా నోటికి రాలేదు. పాపం, చినబాబుకి జాలేసింది.

"కావాలా!" అన్నాడు ఎక్కడా తడబడకుండా.

నారాయణమూర్తి గారు నల్ల కళ్లద్దాలు ముక్కు మీదకి జార్చి, మెల్లిగా వేలెత్తి బోర్డు చూపించారు.

చినబాబు పదకొండో మనిషిగా వరస చివరికి వెళ్లి నిలబడ్డాడు. అక్కడి నుంచి అతని నవ్వు స్టేషన్ దాకా వినిపించింది.