మంచి వెలుతురులో తీసిన ఫోటో

మాది వరంగల్‌లో పరుపులు కుట్టే దుకాణం. దూది ఏకడం మా ఇంటాయన వంతు. గలీబులు కుట్టడం, వచ్చినవాళ్ళతో మాట్లాడడం నా వంతు. నాకు నోరెక్కువని ఆయన అంటాడు. ఆయనకు అసలు లేదు కాబట్టి ఇంటికి ఒకటి చాలని నేనంటాను.

రోడ్డు పొడుగునా ఫోమ్ పరుపుల షోరూములు వచ్చాక మా దగ్గర కొత్త పరుపులు చేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. పాతవి విప్పి, దూది మళ్ళీ ఏకి, కొత్త గలీబులో నింపి ఇవ్వడమే ఇప్పుడు మా పని. ఫోన్‌లో పరుపుల దుకాణమని వెతికితే మాదీ కనిపించేది కానీ, అందులో మూసిన షట్టర్ ఫోటో ఒక్కటే ఉండేది. శుక్రవారం నమాజు వేళ మూసి ఉన్నప్పుడు దారినపోయే వాళ్ళెవరో తీసి పెట్టింది. దుకాణం ఎత్తేశారేమో అనుకున్నామని ఒకామె నా మొహానే అనేసరికి నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

ఫోటోలు ఎలా తీసి పెట్టాలో వీడియోలు చూసి నేర్చుకున్నాను. షట్టర్ తెరిచి, బోర్డు కనబడేలా తీయాలట. పొద్దుటి వెలుతురు మంచిదట. ఎక్కడివో అందమైన బొమ్మలు తెచ్చి పెట్టొద్దు, మీ పనినే చూపించండి, పని చేయకముందు ఎలా ఉందో, చేశాక ఎలా ఉందో పక్కపక్కన పెడితే నమ్మకం కుదురుతుంది అన్నాడు ఒకాయన. సబబుగానే తోచింది.

మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. పాత పరుపును నలుగురిలో విప్పం. వెనక గదిలోకి తీసుకెళ్ళి విప్పుతాం. మరకలుంటాయి కదా. పసిపిల్లలవి, బాలింతలవి, మంచాన పడ్డవాళ్ళవి. ఏ మరక ఏమిటని ఎవరినీ అడగం. "పరుపు ఏకేటోళ్ళకు కండ్లుండాలె గని నోరుండొద్దు" అని మా అత్త నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పింది. ఆ మాట ప్రకారం నేను నోరు మెదపలేదు. ఫోటో తీశాను.

అది వర్ధన్నపేట నుంచి ఒక కోడలు ఆటోలో వేసుకొచ్చిన పరుపు. ఆమె మామ వ్యవసాయం చేసిన మనిషి, నడుము విరిగి మంచాన పడ్డాడు. నీలి చారల గలీబు, నడుమ ఎర్రపూల చీరముక్కతో వేసిన పెద్ద మాసిక. దాని చుట్టూ మరక మీద మరక. వెనక గది కిటికీలోంచి వెలుతురు సరిగ్గా దాని మీదే పడుతోంది. మొహం లేదు, పేరు లేదు, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. కొత్త తెల్ల గలీబు తొడిగాక మళ్ళీ తీసి, రెండూ ఫోన్‌లో మా దుకాణం పేరు కింద పక్కపక్కన పెట్టాను. కింద "ముందు, తర్వాత" అని రాశాను కూడా.

ఫోన్లు మొదలయ్యాయి. నర్సంపేట నుంచి సైతం వచ్చారు. ఆ ఫోటో చూసే వచ్చామన్నారు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఒక మధ్యాహ్నం ఆ కోడలు మళ్ళీ వచ్చింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"ఆ ఎర్రపూల చీర నాది అక్కా. మా సుట్టాలందరు ఆ పరుపు మీద కూసున్నోళ్ళే. తొర్రూరుల మా ఆడిబిడ్డ పరుపుల దుకాణం కోసం ఫోన్ల ఎతుకుతాంటే కనవడ్డదట. వాళ్ళ నాయినకే ఫోన్ చేసి చెప్పింది, నేను మంచిగ చూస్తలేనని. గప్పటిసంది మామ పరుపు ఎయ్యనిస్తలేడు. ఉత్త నులక మీదనే పంటాండు. ఈపంత పుండయితాంది."

 ఆమె ముందే దుకాణం పేరు కింది నుంచి ఆ ఫోటో తీసేశాను. మామతో నేను మాట్లాడతానని ఆమె వెంటే బస్సెక్కాను. మాటలతో దేన్నయినా సర్దేయగలనని అప్పటికీ నా నమ్మకం.

ముసలాయన వసారాలో నులక మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మేం కుట్టిన పరుపు చుట్టేసి గోడకు ఆనించి ఉంది.

"తాతా, తప్పయింది. ఫోటో తీసేసిన. ఇగ ఎవ్వలకు కనవడది" అన్నాను.

"మంచిది బిడ్డా, కూసో" అన్నాడు. నాకు చాయ్ పెట్టమని కోడలికి చెప్పాడు. ఆమె లోపలికి వెళ్ళాక, "ఊరంత చూసిన్రట. నేనొక్కన్నే చూడలే. నీ ఫోన్ల ఉన్నదా?" అని అడిగాడు.

లేదని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. రోజుకు పది అబద్ధాలాడే నోటికి ఆ పూట ఒక్కటీ దొరకలేదు. పైగా ఆయన అడిగింది చేయడమే మర్యాద అనుకున్నాను. లోపలి నుంచి కోడలు "వద్దక్కా" అంటూ వచ్చేలోపే తెరిచి చేతికిచ్చాను.

ఆయన అద్దాలు పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. నాకప్పుడు అర్థమైంది, తన పరుపు ఎలా ఉండేదో ఆయనకు తెలియదు. కదలలేని మనిషికి తన కింద ఏముందో ఎలా కనిపిస్తుంది? దుప్పటి మార్చినప్పుడల్లా ఏం లేదు మామా, జర తడి అయిందంతే అని చెప్పి ఆమె ఇన్నాళ్ళూ దాచుకుంటూ వచ్చింది. కూతురి మాట విన్నా, మనసులో ఇంత అనుకుని ఉండడు.

"గిట్లుండెనా బిడ్డా?" అన్నాడు కోడలితో. "దినాం గిదంత నువ్వే కడిగినవా?"

ఆమె ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని నా చేతిలో పెట్టింది.

ఆయన మాకు మొహం చూపలేక గోడవైపు తిరగబోయాడు. తనొక్కడి వల్ల కాలేదు. కోడలే వెళ్ళి, భుజం కింద చెయ్యేసి మెల్లగా తిప్పింది. నేను అక్కడే నిలబడి అదంతా చూశాను.