గిన్నెల అంగట్లో బస్సుల సినిమా

ఎండలు ముదిరాయని ఈమధ్య మా షెడ్డులో కొత్త కూలర్ పెట్టించాను. దాని పక్కలకు బిగించిన వట్టివేళ్ళ మీద మొదటిసారి నీళ్ళు పడగానే తడి మట్టికీ ఎండుగడ్డికీ మధ్యస్థంగా ఉండే ఒక వాసన లేచింది. పని చేస్తున్న ఆడవాళ్ళంతా వచ్చి గాలికి ఎదురుగా నిలబడి కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. నాకు మాత్రం ఒక టీవీ కనిపించింది. సగం దించిన షట్టరు కింద నుంచి నేల మీద పడే ఎండ, గోడ పొడవునా పేర్చిన స్టీలు గిన్నెలు, ఒక్కో గిన్నె మీదా వంకరగా మెరిసే అదే టీవీ బొమ్మ, దాని ముందు రిమోట్ పట్టుకుని ముందుకు వంగి కూర్చున్న రాజేశ్వరమ్మ.

పత్తికొండ బజారులో ఆమెది గిన్నెల అంగడి. పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ కోమట్ల ఇళ్ళే. భర్త పోయాక ఎవరికీ అప్పజెప్పకుండా గల్లా దగ్గర తనే కూర్చుంది. మాది కమలాపురం దగ్గర పల్లె. బీకాం పూర్తి చేసి, పత్తికొండలో మా పిన్ని ఇంట్లో ఉంటూ పని వెతుక్కుంటున్న రోజుల్లో ఆ అంగట్లో చేరాను. చేను, చర్చి తప్ప మా ఇంట్లో మరో లోకం లేదు. సినిమాలంటే మా పెద్దలకు గిట్టేది కాదు. అంత వయసు వచ్చినా నేను మొదటి నుంచి చివరి దాకా చూసిన సినిమాలు చాలా తక్కువ. అలాంటిదాన్ని పనిలో చేరిన మొదటి వేసవిలోనే, మధ్యాహ్నం బజారంతా మూతబడ్డ వేళ, ఆమె అంగడి లోపల వట్టివేళ్ళ కూలర్ ముందున్న టీవీ దగ్గరికి పిలిచింది.

"ఏమ్మే ఎస్తేరూ, నిద్రొస్తాండాదా?"

"లేదమ్మా."

"అయితే రా, కూర్చో. బస్సుల సినిమా పెడ్తాండా."

సినిమాల పేర్లు ఆమెకు గుర్తుండేవి కావు. అందులో ఏ వ్యాపారం ఉంటే అదే దాని పేరు. బస్సుల సినిమా, రొట్టెల ముసలాయన సినిమా, ఉప్పు మడుల సినిమా. అన్నీ దుడ్ల గురించీ, అంటే డబ్బు గురించీ, పైకి రావాలనే ఆశ గురించీ తీసినవే. ఏ భాషదైనా ఆమెకు ఒకటే. కర్నూలు వెళ్ళినప్పుడల్లా ఒక డీవీడీల కొట్టులో కూర్చుని, "అంగడో, ఫ్యాక్టరీయో ఉండేది ఏదైనా ఇయ్యప్పా" అని అడిగి తెచ్చుకునేది.

బస్సుల సినిమాలో ఇద్దరు అన్నదమ్ములు ఒక పాత బస్సు కొంటారు. అది నాలుగు బస్సులవుతుంది. పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, వాటా తీసుకుంటానని అన్న ఎదురుగా కూర్చుంటాడు. అన్న పెన్ను పట్టుకోగానే రాజేశ్వరమ్మ బొమ్మను ఆపేసింది.

"ఇప్పుడు చెప్పు. ఏమైతాది?"

"సంతకం పెడతాడేమో."

"అది అందరికీ తెలుసు. ఎదురుగా కూర్చున్నోడు ఎందుకు నవ్వుతాండాడు?"

నేను అతణ్ణి చూడనే లేదు. ఆమె వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. ఈసారి చూశాను. అతను నవ్వుతున్నది అన్నను చూసి కాదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బయట బస్సులు నిలబెట్టే విశాలమైన ఖాళీ స్థలం ఉంది. చెప్పాను.

"హీరోను సూసేకి శానామంది ఉండారు" అంది ఆమె సంబరంగా. "మనం ఎదుటోన్ని సూద్దాం."

ఈ పిచ్చి ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని నాకు ఉండేది. ఒకరోజు అడిగేశాను. ఆమె రిమోట్ ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. నందికొట్కూరులో వాళ్ళ నాన్నది పల్లీల వ్యాపారమట. ఇంటి ముందు గదిలోనే బేరాలు జరిగేవట.

"మా నాయన ఎంత మంచోడో చెప్పలేను. మేం ఏమడిగినా కాదనేటోడు కాదు. కానీ దుడ్ల మాట మొదలైతే సాలు, 'ఆడపిల్లోళ్ళు లోపలికి పోండి' అనేటోడు. తలుపు ఏసేస్తే లోపల నుంచి నవ్వులు ఇనపడేవి, అరుపులు ఇనపడేవి. ఏం జరుగుతాండాదో తెలిసేది కాదు. పెండ్లయినాక ఈయన ఒక సినిమాకు పిల్చకపోయినాడు. దాంట్లో ఇద్దరు మొగోళ్ళు గదిలో కూర్చోని బేరమాడ్తాండారు. నేను ఆ గదిలోనే ఉన్నట్టుండాది. సినిమాలో ఎవురూ మనల్ని లోపలికి పొమ్మనరు కదమ్మే!"

పెద్ద పాత్రలు కొనడానికి వచ్చేవాళ్ళు సాధారణంగా ఏదో కొత్తగా మొదలుపెడుతూ ఉంటారు. హోటలు, మెస్సు, పెళ్ళిళ్ళకు వంటలు. గిన్నెతో పాటు ఒక సినిమా కూడా చెప్పి పంపడం రాజేశ్వరమ్మకు అలవాటు. బస్టాండు దగ్గర బిర్యానీ అమ్మే మస్తాన్ రెండో హోటలు కోసం పెద్ద డేగిసా కొనడానికి వచ్చినప్పుడు రొట్టెల ముసలాయన సినిమా ఇచ్చింది. అది ఏదో చలిదేశపు సినిమా. ముసలాయన రొట్టెల అంగడి బాగా నడుస్తుంటుంది, నది అవతల రెండోది పెడతాడు, అక్కడికి ఎవరూ రారు.

వారం తిరక్కుండా మస్తాన్ డీవీడీ తిరిగి తెచ్చాడు.

"అమ్మా, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ ఆ ముసలాయన కొత్త అంగట్లో ఒక్కడే కూర్చోని తన రొట్టె తనే తింటాండాడే, అది సూసి మా ఇంట్లోది ఏడ్చేసింది."

"ఏడ్చినాక ఏమనింది?"

"నువ్వు పాత హోటల్లోనే ఉండు, కొత్తదాంట్లో నేను కూర్చుంటా అనింది."

రాజేశ్వరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇది సినిమాలో లేదే!" అని నావైపు తిరిగింది. "ఆ ముసలాయనకు పెండ్లాం ఉండాదా లేదా? సూసినావా నువ్వు?" ఆ మధ్యాహ్నం ఆ సినిమా మళ్ళీ చూశాం. పెళ్ళాం ఉంది. మొదటి అంగట్లో పిండి కలుపుతూ రెండుసార్లు కనిపించింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

అరవై దాటాక రాజేశ్వరమ్మ చేసిన పని ఊరంతా చెప్పుకున్నారు. పత్తికొండలో మూతపడి ఉన్న ఒక సినిమా హాలును ఆమె లీజుకు తీసుకుంది. విషయం తెలిసి మరిది అంగడికి వచ్చాడు.

"ఎందుకొదినా నీకిదంతా?"

"తెలుసుకుందామని."

"ఏం తెలుసుకుంటావు?"

"అది తెలిసింటే లీజు ఎందుకు తీసుకుంటానప్పా?"

సాయంత్రాలు అందరూ చూసే మామూలు సినిమాలే. ఆదివారం ఉదయం మాత్రం తనకు నచ్చిన వ్యాపారపు సినిమాలు. టమాటా మార్కెట్టులో పనిచేసే వాళ్ళందరికీ ఉచితం అని బోర్డు రాయించింది. మొదటి ఆదివారం హాలు సగం నిండింది. ఆ తరువాత పలచబడింది. చివరికి చర్చి నుంచి నేరుగా వచ్చే నేను, మస్తాన్, అతని భార్య మిగిలాం. మామూలు ఆటలూ నిలదొక్కుకోలేదు. ఏడాది తిరగకుండానే హాలు తాళాలు ఇచ్చేయవలసి వచ్చింది.

ఆ రోజు ఆమె ఏడుస్తూ ఉంటుందేమోనని భయపడుతూ వెళ్ళాను. ఖాళీ హాల్లో ఒక్కో కుర్చీలో కూర్చుని లేస్తోంది.

"ఈడ రామ్మే. ఈ మూల కూర్చుంటే స్తంభం అడ్డమొచ్చి తెర సగమే కనపడ్తాది. ఇన్నాళ్ళూ దీనికీ అదే టికెట్టు అమ్మినాం."

"బాధగా లేదా అమ్మా?"

"ఎందుకుండదు? శానా ఉండాది." ఆమె లేచి ఇంకో కుర్చీలోకి మారింది. "కానీ ఎందుకు పోయిందా అనేది ఇంకో పక్క తొలుస్తాంటే, ఏడ్సేకి కూడా తీరికలేదు."

మరునాడు నన్ను వెంటబెట్టుకుని టమాటా మార్కెట్టుకు బయలుదేరింది. కనిపించిన ప్రతివాణ్ణీ, "ఊరకే సూపిస్తామంటే ఎందుకు రాలేదప్పా?" అని అడిగింది. కొందరు తెల్లవారక ముందే లేస్తామని, ఆ వేళకు నిద్ర ముంచుకొస్తుందని చెప్పారు. బుట్టలు మోసే ఒక పెద్దాయన తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటూ అన్నాడు.

"దినామూ ఈడ దుడ్ల గోలే కదమ్మా. మల్లా తెర మీద కూడా అదేనా? పాటలుండేదేదన్నా ఏసింటే వచ్చిందుము."

ఆమె నడిబజారులో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తిరిగి బయలుదేరాం. అంగడి దగ్గర పడ్డాక, "ఎదుటోని మొగం సూసేది నేర్సుకున్నా గానీ, నోరు తెరిసి అడిగేది నేర్సుకోలేదమ్మే. తెరమీదోన్ని అడిగేకి వీలు కాదు కదా" అంది.

నా పని మొదలైంది ఆ తరువాతి సంవత్సరంలోనే. ధర పడిపోయినప్పుడు రైతులు టమాటాలను రోడ్డు పక్కన పారబోసి పోతుంటే చూడలేక, వాటిని ముక్కలు కోసి పిన్ని వాళ్ళ మిద్దె మీద ఒరుగులుగా ఎండబెట్టాను. ఈ ఎండకు రెండు మూడు రోజుల్లో కరకరలాడతాయి. పెద్ద పళ్ళాలు రాజేశ్వరమ్మే ఇచ్చింది. మా వీధిలోని నలుగురు ఆడవాళ్ళు కలిశారు. కర్నూలులో రెండు మూడు అంగళ్ళు తీసుకోవడం మొదలుపెట్టాయి. అప్పుడు హైదరాబాదు నుంచి ఒక కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. మేము ఎండబెట్టినదంతా వాళ్ళే కొంటారు, ప్యాకెట్టు మీద వాళ్ళ పేరే ఉంటుంది, మరెవరికీ అమ్మకూడదు. నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. భయం కూడా వేసింది. పరుగున అంగడికి పోయి చెప్పాను. అవునో కాదో ఆమె తేల్చేస్తే చాలనిపించింది.

ఆమె బస్సుల సినిమా పెట్టింది. అన్న పెన్ను పట్టుకునే చోటు వస్తోంది. ఆమె ఆపలేదు.

"ఆపరా అమ్మా?"

"యాడ ఆపల్లో నువ్వే ఆపు" అని రిమోట్ నా చేతిలో పెట్టింది.

కొంచెం వెనక్కి తిప్పి ఒకచోట ఆపాను. గదిలో బేరం జరుగుతుండగా తమ్ముడు టీ గ్లాసులతో లోపలికి వస్తాడు. గ్లాసులు పెట్టి, ఒక క్షణం నిలబడి, వెళ్ళిపోతాడు.

"ఇతన్ని ఎవరూ అడగలేదమ్మా" అన్నాను.

ఆమె కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకుంది. "ఇన్నిసార్లు సూసినా. ఈడ ఎప్పుడూ ఆపలేదే నేను" అంది మెల్లగా.

ఆ సాయంత్రమే నాతో పనిచేసే నలుగురినీ కూర్చోబెట్టి అడిగాను. డబ్బు సంగతి అడుగుతారనుకున్నాను. వాళ్ళలో పెద్దదైన లక్ష్మక్క, "ప్యాకెట్టు మీద మన ఊరి పేరు ఉండదా? మా కోడలికి సూపించుకోవల్లంటే ఎట్ల మరి?" అంది. మిగతా ముగ్గురూ అదే మాట అన్నారు.

కంపెనీ మనిషి వచ్చిన రోజు మిద్దె మీద నీడలో ఎదురెదురుగా కూర్చున్నాం. అతని కళ్ళు ఎక్కడికి పోతున్నాయో చూడాలనుకున్నాను. మోసమేదో కనిపిస్తుందని నా నమ్మకం. కనిపించింది వేరు. నాకంటే చిన్నవాడు. బల్ల కింద అతని మోకాలు అదురుతోంది. చేసిన వాగ్దానమేదో తప్పిపోతుందేమోనని భయపడుతున్న మనిషి అతను.

"మీకేం కావాలో మామూలుగా చెప్పండి సార్" అన్నాను.

అతను కాగితాలు పక్కన పెట్టి గట్టిగా ఊపిరి వదిలాడు. వానలు మొదలయ్యేలోపు సరుకు ఎక్కడి నుంచైనా తెస్తానని పైవాళ్ళకు మాట ఇచ్చానని, ఇంకెవరూ దొరకలేదని చెప్పేశాడు. ఆ తరువాత మా మాటలు తేలికగా సాగాయి. సగం సరుకు వాళ్ళ పేరుతో, సగం మా పేరుతో. ఆ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది. మేము పెద్ద గొప్పవాళ్ళమేమీ కాలేదు. పిన్ని వాళ్ళ మిద్దె నుంచి సొంత షెడ్డుకు మారాం.

రాజేశ్వరమ్మను చివరిసారి చూసింది కర్నూలు ఆసుపత్రిలో. బాగా చిక్కిపోయింది. నన్ను చూడగానే కళ్ళతోనే ఎదుటి మంచం మీద ఒకామెనూ, ఆమె పక్కన నిలబడ్డ కొడుకునూ చూపించింది.

"ఆ పిల్లోడు దినామూ వచ్చి డాక్టరుతో మాట్లాడ్తాడు, నర్సుతో మాట్లాడ్తాడు. తల్లితో మాట్లాడడు. ఎందుకంటావు?"

"తెలీదమ్మా."

"పోయి అడుగు."

అతను వరండాలోకి వెళ్ళినప్పుడు వెనకే పోయి అడిగాను. "ఏం మాట్లాడల్లో తెలీదక్కా. నోరు తెరిస్తే ఏడుపొస్తాది" అన్నాడు. వచ్చి చెప్పాను. ఆమె అతన్ని పిలిచి తన ఫోన్ చేతికిచ్చింది.

"దీంట్లో మేకలు అమ్మే ఆమె సినిమా ఉండాది నాయనా. నాకు కండ్లు నొస్తాండాయి. మీయమ్మతో కలిసి సూసి, ఆ మేక యాడికి పోయిందో నాకు చెప్పు."

అతను తల్లి పక్కన మంచం అంచున కూర్చున్నాడు. కాసేపటికి వాళ్ళమ్మ తెర మీద వేలు పెట్టి ఏదో అడిగింది. అతను జవాబు చెప్పాడు. రాజేశ్వరమ్మ ఫోను వైపు చూడలేదు, వాళ్ళిద్దరి ముఖాలే చూస్తూ పడుకుంది. ఆ నెలలోనే ఆమె పోయింది.

పోయినవారం మా షెడ్డుకు నందికొట్కూరు వైపు నుంచి ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. పని కోసం వచ్చిందనుకుని, ఏ పని వచ్చని అడగబోయాను. ఆమె మాత్రం పళ్ళాల వైపూ, కప్పు వైపూ, గాలి వచ్చే దిక్కు వైపూ చూస్తోంది. పని అడిగే మనిషి చూపు కాదది.

"నీకేం కావల్ల, చెప్పక్కా" అన్నాను.

ఆమె కొంగు సర్దుకుని, నేల చూపు చూస్తూనే గట్టిగా చెప్పింది. "మా ఊర్లో నేనూ ఇట్లాంటిది పెట్టల్లనుకుంటాండా. ఎట్ల పెట్టినావో చెప్తావేమోనని వచ్చినా."

"నాకు పోటీకా?"

"అవునమ్మా."

లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి, నాకు ఎదురుగా వేశాను.