అమ్మవారికి సర్టిఫికెట్

మదనపల్లెలో నేను పనిచేసిన చీరల షోరూంలో జబ్బు పడాలంటే కాగితం కావాలి. రెండు రోజులకు మించి రాకపోతే ఎంబీబీఎస్ డాక్టరు సంతకం, ముద్ర ఉన్న సర్టిఫికెట్ తేవాలని వేలిముద్ర మిషన్ పక్కన నోటీసు అంటించి ఉండేది. ఆర్‌ఎంపీ చీటీ చెల్లదు, మందుల షాపు బిల్లు చెల్లదు. మాలో చాలామంది చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్లు, అక్కడ జ్వరానికి సూది వేసేది ఆర్‌ఎంపీనే. అయినా ఆ నియమం మీద నాకు పగ లేదు. పెద్ద దుకాణం అన్నాక ఏవో నియమాలు ఉంటాయి. నా పగంతా ఆ కాగితాన్ని చదివే మనిషి మీద.

ఆయన మా ఫ్లోర్ మేనేజరు. పొద్దున షట్టరు ఎత్తగానే ఆడా మగా అందరినీ వరుసగా నిలబెట్టి మీటింగు పెట్టేవాడు. సెలవు నుంచి తిరిగి వచ్చినవాళ్లు అప్పుడే సర్టిఫికెట్ ఆయన చేతికివ్వాలి. మడత విప్పి, ట్యూబులైటు కిందకు పట్టుకుని, అందరికీ వినపడేలా చదివేవాడు. విరేచనాలని రాసి ఉంటే ఎన్నిసార్లని అడిగేవాడు. మొలలని రాసి ఉంటే ఆ మనిషికి స్టూలు తెచ్చి వేయమనేవాడు. నవ్వకపోతే ఆయనకు కోపం కాబట్టి అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

ఒకరోజు నా పక్క కౌంటర్లో ఉండే అక్క వంతు వచ్చింది. రక్తస్రావం ఆగక ఆమె ఆస్పత్రిలో చేరి వచ్చింది. డాక్టరమ్మ రాసిందంతా ఆయన మగవాళ్ల ముందు మాట మాటా చదివాడు. చదివి, "ఇది నిజమేనా, లేకుంటే సెలవు కోసరం రాయించుకుంటివా?" అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. ఆ పూటంతా మడత పెట్టి ఉన్న చీరలనే విప్పి మళ్లీ మడత పెట్టింది. ఈ మనిషికి నోట మాట రాని రోజు ఒకటి నా చేతుల మీదుగా రావాలని నేను ఆ రోజే అనుకున్నాను. ఎలాగో మాత్రం తెలియదు.

నా చదువు పదో తరగతితో ఆగింది. తర్వాత నన్ను చదివించింది మా ఊరు పుంగనూరులోని శాఖా గ్రంథాలయం. సెలవు దొరికితే చాలు అక్కడ ఉండేదాన్ని. చీనీ తోటలకొచ్చే తెగుళ్ల పుస్తకం మొదలుకొని తోకచుక్కల పుస్తకం దాకా ఏది చేతికందితే అది చదివాను. అర్థం కానివి రెండోసారి చదివాను. షోరూంలో నన్ను లైబ్రరీ పాప అని పిలిచేవాళ్లు. ఎగతాళిగా పిలిచినా నేను దర్జాగానే పలికేదాన్ని.

ఎండాకాలం, పెళ్లిళ్ల సీజన్ మంచి ఊపు మీద ఉండగా నాకు అమ్మవారు పోసింది. పుస్తకాల్లో దాని పేరు చికెన్‌పాక్స్. మొదట పొట్ట మీద, తెల్లారేసరికి మొహం నిండా పొక్కులు. మా అమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది, వంటలో తాలింపు మానేసింది, నాకు చల్లన్నం పెట్టింది. ఆస్పత్రికి పోదామంటే చేతిలో ఉన్న వేపమండతోనే అదిలించింది.

"అమ్మోరు ఇంట్లో ఉండంగా డాక్టరు దగ్గరికి పోతావా? ఆమెకు కోపమొస్తే ఎవురు సూసుకుంటారు, నీ పుస్తకాలా?"

అది కంటికి కనపడని క్రిమి వల్ల వచ్చే అంటువ్యాధి అని, డాక్టరుకు చూపిస్తే తప్పు లేదని నాకు తెలుసు. కానీ మా వీధిలో ఈ జబ్బుకు ఆస్పత్రి గడప తొక్కినవాళ్లు లేరు. ఆ జ్వరంలో అమ్మతో వాదించే ఓపిక నాకూ లేదు. మేనేజరుకు ఫోన్ చేశాను.

"అమ్మోరు పోసింది సార్. తగ్గేదాకా రాలేను."

"సర్టిఫికెట్ తీసుకురా."

"దీనికి డాక్టరు దగ్గరికి పోరు కదా సార్. మీకు తెలీందా?"

"అమ్మోరికీ అయ్యోరికీ నేను లీవు ఇయ్యలేను పాపా. ఎంబీబీఎస్ రాసిస్తే ఇస్తా."

"ఫోటో పంపేదా సార్?"

"ఫోటోలు ఎన్ని కావాలంటే అన్ని దొరకతాయి ఫోన్లో. కాగితమన్నా తే, లేకుంటే ఆ మొగమన్నా తెచ్చి నా ముందర సూపించు. రెండూ కాదంటే కుప్పం పో."

కుప్పంలో మాకు కొత్త బ్రాంచి తెరిచారు. పుంగనూరు నుంచి మదనపల్లెకు రోజూ బస్సులో వెళ్లి రావచ్చు. కుప్పం వెళితే అక్కడే గది తీసుకుని ఉండాలి, అందుకు మా అమ్మ ఒప్పుకోదు. కాబట్టి కుప్పం అంటే నా వరకు ఉద్యోగం పోవడమే, మళ్లీ మార్కెట్లో టమోటాలు ఏరే పనికి పోవడమే. చేసి వచ్చిన పనే అది. చీరల మధ్య నిలబడటం అలవాటైన కాళ్లకు మళ్లీ ఆ బురదలోకి దిగబుద్ధి కాలేదు.

పొక్కులు ఎండాక తలకు నీళ్లు పోస్తారు. వేపాకు, పసుపు వేసి ఎండలో పెట్టి కాచిన నీళ్లు. ఇలా రోజు విడిచి రోజు మూడుసార్లు. మూడో నీళ్లతో అమ్మవారు ఇల్లు విడిచి వెళ్లినట్టు లెక్క. అప్పుడు గానీ మా అమ్మ నన్ను ఆస్పత్రికి వెళ్లనివ్వలేదు. డాక్టరమ్మ నా మొహం, చేతులు, వీపు తిప్పి చూసింది.

"అన్నీ ఎండి పక్కులు కట్టినాయి. ఇంక ఎవురికీ అంటుకోదు. పనికి పోవచ్చు."

గ్రంథాలయం పుస్తకంలో నేను చదివిందీ అదే. వెనకటి రోజులకు సర్టిఫికెట్ అడిగాను.

"నేను సూడని దినాలకు నేనెట్ల రాసేదమ్మా? అబద్ధమైతాది కదా. ఈ దినం బాగుండావని కావాలంటే రాసిస్తా."

ఆమె మీద నాకు కోపం రాలేదు. అలా రాయకపోవడమే న్యాయం. బాగున్నానన్న కాగితమైనా తీసుకుని ఉండవచ్చు. కలం కూడా ఆమె చేతిలోనే ఉంది. కానీ మేనేజరు అడిగిన రెండింట్లో రెండోది, ఈ మొహం, నా దగ్గర ఉందని అప్పుడే తోచింది. "వద్దు మేడం" అని లేచి వచ్చేశాను.

మర్నాడు పొద్దున అమ్మ నా జడలో వేపరెమ్మ గుచ్చింది. ఇంకోరోజైతే తీసి పారేసేదాన్ని. ఆ రోజు జడ ముందుకు వేసుకున్నాను. బస్సులో ఒకామె నన్ను చూడగానే తన కూరగాయల బుట్ట పక్కకు జరిపింది.

"అమ్మోరు పోసిందా తల్లీ? కూసో, కూసో. ఈ ఎండలో యాడికి పోతాండావు?"

"పనికి పోతాండా అక్కా. సూపించమన్నారు."

"అమ్మోరిని సూపించమన్నారా! ఎవుడమ్మా వాడు?" అని ఆమె చెంపలు వేసుకుంది.

నేను వెళ్లేసరికి మీటింగు నడుస్తోంది. ఆయన ఫోనులో చూసి ఆ రోజు ఎంత అమ్మాలో చెబుతున్నాడు. వరుస దానంతటదే రెండుగా చీలింది. నేను ఆ దారిన నేరుగా ఆయన ముందుకు నడిచాను.

"ఏయ్, ఆడనే ఉండు!"

"సూపించమంటిరి కదా సార్. సూడండి."

"సూసినా, సూసినా. ఆడనే నిలబడు."

"ఆడినించి సరిగ్గా కనపడదు సార్. ఫోటో మాదిరి ఉంటాది" అని ఇంకో అడుగు వేశాను.

ఆయన వెనక్కి నడుస్తూ పెళ్లి పట్టుచీరల కౌంటరుకు ఆనుకున్నాడు. అక్కడ నిలబెట్టిన బొమ్మ, కట్టిన చీరతో సహా పడిపోయింది. అప్పుడు పక్క కౌంటర్ అక్క నోరు తెరిచింది.

"సార్, గట్టిగా సదవండి. ఎన్ని పొక్కులుండాయో అందరికీ వినపడాల."

ఎవరో నవ్వారు. ఈసారి భయానికి కాదు.

"నాకు సిన్నప్పుడు రాలేదప్పా!" అని ఆయన సెక్యూరిటీ మనిషి వైపు చూసి అరిచాడు. "పెద్దయినాక వస్తే శానా కష్టమంట! ఈమెను బయటికి తీసుకోనిపో!" సెక్యూరిటీ మనిషి నాకు దండం పెట్టి అక్కడే నిలబడ్డాడు.

అంతలో ఓనరు వాళ్లమ్మ వచ్చింది. రోజూ పొద్దున ఆమె వచ్చి క్యాష్ కౌంటరు దగ్గర దీపం పెట్టి పోయేది. మేమంతా అవ్వా అనేవాళ్లం.

"ఏమప్పా ఈ గోల?"

"సూడండమ్మా, ఈ మొగంతో షాపుకొచ్చింది. కస్టమర్లు ఏమనుకుంటారు?"

"సారే రమ్మన్నాడవ్వా" అన్నాను. "డాక్టరు సర్టిఫికెట్ లేదంటే కుప్పం పంపిస్తానన్నాడు."

అవ్వ బాగా దగ్గరగా వచ్చి నా మొహం చూసింది. చూసి, ఆయన వైపు తిరిగింది.

"అమ్మోరికి సర్టిఫికెట్ అడిగినావా నువ్వు?"

ఆయన పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

"సెంబుతో నీళ్లు తే. పసుపు కలుపు. ఆ పాప కాళ్ల మీద పొయ్యి."

"నేనామ్మా?"

"ఇంకెవురు? అడిగింది నువ్వే కదా."

ఆయన చెంబు పట్టుకుని, చేయి చాపగలిగినంత చాపి, మొహం పక్కకు తిప్పుకుని నా కాళ్ల మీద నీళ్లు పోశాడు. దేవతలు మనుషుల ఒంటి మీదకు పొక్కులై వస్తారని నేను నమ్మను. ఆ రోజు మాత్రం ఏ గుడిలోని రాతిబొమ్మకూ తీసిపోకుండా నిటారుగా నిలబడ్డాను. ఆయన చెంబు కింద పెట్టబోతుంటే రెండో కాలు ముందుకు చాపాను.

"ఈ కాలు తడవలేదు సార్."

మళ్లీ వంగాడు. ఆ వంగిన నడుము ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. మనసు బాగా లేనప్పుడు తలుచుకుంటాను, బాగవుతుంది.

అవ్వ నన్ను చేయి పట్టుకుని గోడౌన్ మెట్ల దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ ఎవరూ లేరు.

"మూడు నీళ్లు అయినాయా?"

"అయినాయవ్వా. మొన్ననే."

"అయితే అమ్మోరు పోయింది."

"పోయింది."

"మరి వానికి యాల చెప్పలేదు?"

"మీరు యాల చెప్పలేదవ్వా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మెట్ల కింద చీకట్లో ఒక పేము కుర్చీ ఉంది. తలుపు పక్కన వేసుకుని వచ్చేపోయేవాళ్లను చూసే తన కుర్చీ అని, అక్కడ ఉంటే షోరూం అందం పోతుందని మేనేజరు దాన్ని ఇక్కడ పడేయించాడని చెప్పింది.

"నా కొడుక్కి చెప్తే నవ్వి ఊరుకున్యాడు. నీ సెలవు సంగతి నేను సూసుకుంటా. నువ్వు నోరు మూసుకోని పని సేసుకో పో."

ఎండిన పొక్కులు అంటవని నేను అన్ని పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న సంగతి ఆమెకు పుస్తకం ముట్టకుండానే తెలుసు. కొంచెం చిన్నతనం అనిపించింది. అంతకంటే ఎక్కువ సంతోషం కలిగింది, ఇద్దరం కలిసి దాచవచ్చని.

ఆ సాయంత్రమే మేనేజరు దూరంగా నిలబడి నన్ను పిలిచాడు.

"లైబ్రరీ పాపా, నువ్వు సదువుతావు కదా. ఇది అంటుకుంటే ఎన్ని దినాలకు బయట పడతాది?"

"మూడు వారాల దాకా చెప్పలేం సార్."

"ముందు ఏమొస్తాది?"

"ఒళ్లు నొప్పులు, నీరసం, కొంచెం జ్వరం."

ఇందులో అబద్ధం లేదు. పక్కులు కట్టినాక అంటుకోదన్న ఒక్క మాట చెప్పలేదు, అంతే. పెళ్లిళ్ల సీజన్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే మనిషికి ఒళ్లు నొప్పులు లేకుండా ఉంటాయా? ఆయన గంటకొకసారి ట్రయల్ రూంలోకి పోయి గడియ వేసుకునేవాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని బయటికి వచ్చేవాడు. చెమటకాయ లేస్తే దాని మీదే వేలు పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరైనా సర్టిఫికెట్ ఇస్తే రెండు వేళ్లతో అంచు పట్టుకుని, చదవకుండానే సొరుగులో వేసేవాడు. నేను మాత్రం ఏదో ఒక పని కల్పించుకుని ఆయన బల్ల పక్కగా పోయేదాన్ని.

మూడు వారాలూ గడిచాయి. ఆయనకు ఏమీ రాలేదు. మళ్లీ గొంతు లేచింది. ఒకరోజు నా కౌంటరు మీదకు వంగి మాట్లాడాడు, అంత దగ్గరగా.

"సెలవు ముసలామె ఇప్పించింది. బ్రాంచికి ఎవురు పోవాలనేది నా ఇష్టం. సోమవారం కుప్పంకు వ్యాను పోతాది. నువ్వూ ఎక్కాల."

అవ్వ ఆ వారం ఊళ్లో లేదు. చుట్టాల పెళ్లికి పోయింది. నాకు టమోటా మార్కెట్ కనపడింది.

"మీరు గూడా వస్తాండారా సార్?"

"నేను లేకుండా ఆడ ఎవురు నడిపిస్తారు? నెల దినాలు ఆడనే."

"ఒకే వ్యానులోనా?"

"అవు. యాల?"

"ఏం లేదు సార్. మొన్న ఇంకో పుస్తకం సదివినా. పోసినోళ్ల ఒంట్లో అది ఆర్నెల్లు ఉంటాదంట. దారంతా మూసిన బండిలో పక్కపక్కన కూసుంటే ఎట్లనో అని."

ఆయన కౌంటరు మీద నుంచి చేతులు తీశాడు. తీసి, ప్యాంటుకు తుడుచుకున్నాడు.

అలాంటి పుస్తకం ఏదీ లేదు. పుస్తకం పేరు చెప్పి నేను అబద్ధం ఆడటం అదే మొదలు. ఆ మాట నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

సోమవారం వ్యాను షోరూం ముందు ఆగింది. కుప్పం వైపు ఊళ్ల పిల్లలు ముగ్గురు, ఇంటికి దగ్గరవుతామని సంతోషంగా ఎక్కారు. మేనేజరు ముందు సీట్లో కూర్చున్నాడు. నన్ను పిలవలేదు. నేను గుమ్మంలో నిలబడి టాటా చెప్పాను. అంత ఎండలోనూ ఆయన కిటికీ అద్దం పైదాకా ఎక్కించుకున్నాడు.

పక్క కౌంటర్ అక్క వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించింది.

"ఏమ్మే, ఆర్నెల్లని నిజంగా పుస్తకంలో రాసినారా?"

"లేదక్కా."

"మరి తెలిస్తే?"

"తెలుసుకోనీ. గ్రంథాలయం కుప్పంలో గూడా ఉండాది. పోయి సదువుకోనీ."