తిథి లేకుండా ఎంటర్ నొక్కను

ఈ గ్రూపులో నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఈ రోజు ఊరుకోలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

తిరుపతిలో మా భజన సంఘం వెబ్‌సైటును కొత్తదానికి మారుస్తున్నారు. ఉత్సవాల పేజీలో ఏయే గడులు ఉండాలో చెప్పే నమూనాను పాత సైటు నుంచి తెచ్చుకోవడానికి ఒక కమాండు ఉంది. ఉత్సవాల పేజీ చూసుకునేది నేనే కాబట్టి, సైటు మార్చడానికి వచ్చిన ఇంజనీరు దాన్ని నాతో టైపు చేయించాడు. తాను చెప్పినదాంట్లో తేదీ గడి ఉంచి, తిథి గడి వదిలేశాడు.

"తేదీ ఉండాది కదమ్మా, మళ్లా తిథి ఎందుకు?"

"ఉత్సవం తిథికి వస్తాది నాయనా, తేదీకి రాదు. ఆ గడి చేర్చేదాకా నేను ఎంటర్ నొక్కను."

"ఒక్క గడి కోసం ఇంత పంతమా!"

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చివరికి అతనే కీబోర్డు తీసుకుని తిథి గడి చేర్చాడు. అప్పుడు నొక్కాను. నల్లటి తెర మీద వరుసలు పరుగెత్తాయి, తిథి కూడా వచ్చి చేరింది.

మీరే చెప్పండి, మీ ఇంట్లో పెద్దల తద్దినం తేదీకి పెడతారా, తిథికి పెడతారా?