రెండు చేతులు

“మల్ల ఈదుతవా బిడ్డా?”

“ఈదుత అవ్వా.”

బోధన్‌లో ఆ పిల్ల బస్సు దిగేటప్పుడు మేం చెప్పుకున్న ఆఖరి మాటలివి.

నిజామాబాద్‌లో నా పక్కన కూర్చున్నప్పటి నుంచీ ఏడుస్తూనే ఉంది. బ్రెస్ట్‌స్ట్రోక్ ఈతలో ఛాంపియనట. మొన్నటి పోటీలో అందరికన్నా ముందొచ్చిందట. కానీ కొలను చివరి గోడను రెండు చేతులతో ఒకేసారి తాకాల్సింది, ఒక్క చేత్తో తాకిందని గెలుపు రద్దు చేశారట.

“ఇగ ఈత బంద్ అవ్వా” అంది.

“నా పెనిమిటి పోయినంక చేతులు వణికి బీడీలన్నీ లూజైనయ్. కార్ఖానల వాపస్ ఇచ్చిండ్రు. అన్నీ ఇప్పి మల్ల గట్టిగ సుట్టిన” అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని, ముందు సీటు కడ్డీ మీద రెండు అరచేతులూ ఒక్కసారే ఆనించింది.

ఇప్పటికీ ఒళ్లోని బీడీల చాటను నేను రెండు చేతులతోనే దించుతాను.

నేన్ జెప్పిందంత రాసినవా మనవరాలా? ‘ఈదుత’ అన్నది గద, గా మాట కాడికెల్లి సదువు, చెవులార ఇంట.